నాన్నగారితో వేటపాలెం, ఒక శని ఆదివారం: తెలిసినవాళ్లు చెప్పండి

పటమటవాసి
అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 77 ఏళ్లు. చిన్నప్పుడు తాతయ్యగారి ఉద్యోగం వల్ల నాలుగేళ్లు వేటపాలెంలో ఉన్నారట, హైస్కూలు చదువంతా అక్కడే. ఆ తర్వాత గుంటూరు, ఇప్పుడు విజయవాడ. అమ్మ పోయి ఏడాదైంది. అప్పట్నుంచి ఆయన నోట ఏ ఊరి మాటా రాలేదు. మొన్న రాత్రి అన్నం తింటూ ఉన్నట్టుండి "వేటపాలెం లైబ్రరీ ఇంకా ఉందా అమ్మా?" అన్నారు. అంతే, తీసుకెళ్లాలని నిశ్చయించుకున్నాను.

శనివారం పొద్దున బయల్దేరి ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలి. నేను, నాన్నగారు, మా పదకొండేళ్ల బాబు. నాన్నగారికి మోకాళ్ల నొప్పి, మెట్లు ఎక్కలేరు. ఎలా వెళ్లాలి, ఎక్కడ ఉండాలి, రెండు రోజులకి అక్కడ చూడటానికి ఏమున్నాయి?

బ్రాడీపేట 4వ లైను
వేటపాలెం చాలా చిన్న ఊరండీ, ఒక పూటలో అయిపోతుంది. నేనైతే బాపట్లలో దిగి భావనారాయణస్వామి గుడి చూసుకుని, సాయంత్రానికి సూర్యలంక చేరతాను. తొమ్మిది కిలోమీటర్లే. బాబుకి సముద్రం, పెద్దాయనకి గుడి. వేటపాలెం కావాలంటే మర్నాడు ఒక గంట చూసుకోవచ్చు.

రైలుబండి
నా మాట విని రైల్లో వెళ్లండి. కారులో అయితే హైవే మీద చిలకలూరిపేట దాకా పోయి, అక్కడ పర్చూరు మీదుగా చీరాలకు తిరగాలి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి కాళ్లు ముడుచుకుని అంతసేపు కూర్చోవడం కష్టం. విజయవాడ నుంచి ఒంగోలు వైపు పోయే ప్యాసింజర్లు వేటపాలెంలో ఆగుతాయి. ఎక్స్‌ప్రెస్ అయితే చీరాలలో దిగి ఆటో మాట్లాడుకోండి, ఎనిమిది కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. టైములు మారుతుంటాయి, ముందురోజు చూసుకోండి.

కిటికీ పక్క సీటు పెద్దాయనకే ఇవ్వండి. కృష్ణ దాటాక పెదవడ్లపూడి, దుగ్గిరాల, తెనాలి. దారి పొడవునా కాలవలే. మీరు లైబ్రరీ కోసమే వెళ్తున్నారు కాబట్టి బాబుకి ఒక సంగతి చెప్పండి. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలవ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పారు. పడవ రేవులో ఆగితే జనం వచ్చి పుస్తకం తీసుకునేవాళ్లు, మళ్లీ వచ్చినప్పుడు తిరిగిచ్చేవాళ్లు. పెదవడ్లపూడి స్టేషన్‌లో బండి ఆగినప్పుడు కిందికి దిగి ఆ నేల మీద ఒక్క నిమిషం నిలబడాలనిపిస్తుంది నాకు, ప్రతిసారీ.

చీరాల కోడలు
మా అత్తవారిది జాండ్రపేట, వేటపాలెం మాకు పక్క ఊరే. బ్రాడీపేట అన్నయ్యగారూ, ఏమీ అనుకోవద్దు, వేటపాలెం ఒక గంటలో చూసే ఊరు కాదు. గంటే ఉంటే అక్కడ నిజంగా ఏమీ కనపడదు. వీధులు, జీడిపప్పు కొట్లు, అరుగుల మీద పెద్దవాళ్లు, అంతే. ఒక పూట కూర్చుంటేనే ఊరు పలుకుతుంది.

అమ్మా, మీకు నేను చెప్పేది ఇదీ. రాత్రి బస చీరాలలో పెట్టుకోండి, వేటపాలెంలో ఉండటానికి వసతి తక్కువ. గది కింది అంతస్తులోనే కావాలని ఫోన్‌లో రెండుసార్లు చెప్పండి. లైబ్రరీకి పొద్దున్నే వెళ్లండి. అసలు శనివారం ఒకసారి, ఆదివారం ఒకసారి వెళ్లేలా చూసుకోండి. తెరిచే వేళలూ సెలవులూ ముందే కనుక్కోండి. మొదటిసారి వెళ్లినప్పుడు పెద్దాయన చుట్టూ చూసుకోవడమే సరిపోతుంది, చదువుకోవడానికి రెండోసారి కావాలి.

ఎండ ముదరకముందే, ఈ ఫిబ్రవరిలోనే వెళ్లండి. తోటల్లో జీడిమామిడి పూత మీద ఉంటుంది.

శాసనాల పిచ్చి
వేటపాలెం దాకా వెళ్లి మోటుపల్లి చూడకుండా రావద్దని మనవి. అక్కడికి దగ్గరే. ఇప్పుడు చూస్తే ఇసుక, సరుగుడు చెట్లు, ఒక పాత గుడి. కాకతీయుల కాలంలో మాత్రం పెద్ద ఓడరేవు. వీరభద్రస్వామి గుడిలో గణపతిదేవుడు వేయించిన అభయశాసనం ఉంది, 1244 నాటిది.

అందులో సంగతి వింటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. అంతకు ముందు రాజులు, తుఫానుకి ఓడ కొట్టుకొచ్చి ఒడ్డున పగిలితే అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు అన్నీ బలవంతాన లాక్కునేవాళ్లట. సర్వం పోగొట్టుకుని ఒడ్డుకు చేరినవాడి దగ్గర ఆ మిగిలింది కూడా తీసేసుకోవడం! గణపతిదేవుడు ఆ పద్ధతి మాన్పించాడు. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చేవాళ్ల దగ్గర నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోబోమని రాతి మీద చెక్కించాడు. చందనం, కర్పూరం, ముత్యాలు, ఇలా సరుకు సరుకుకీ సుంకం రాసి ఉంది. ఆ తర్వాత రుద్రమదేవి కాలంలో మార్కోపోలో రాసిన ముట్‌ఫిలి ఈ మోటుపల్లే. సాలెగూడంత సన్నని బట్ట ఇక్కడ నేస్తారని రాశాడు. చీరాల, జాండ్రపేట మగ్గాలు చూసినవాళ్లకి ఆ మాట అర్థమవుతుంది.

బ్రాడీపేట 4వ లైను
కోడలు గారూ, ఒప్పుకుంటున్నాను, నేను ఎప్పుడూ ఆ ఊరి మీదుగా పోవడమే గానీ ఆగింది లేదు. కానీ పదకొండేళ్ల పిల్లవాడు లైబ్రరీలో రెండు పూటలు కూర్చుంటాడా? వాడికోసం సముద్రం ఉండాల్సిందే. రామాపురం బీచ్ వేటపాలెం మండలంలోనే కదా, అక్కడికి తీసుకెళ్లండి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను: మోకాలి లోతు దాటి దిగనివ్వకండి. ఈ తీరంలో లాగుడు ఎక్కువ. చూస్తే ప్రశాంతంగానే ఉంటుంది, అడుగున ఇసుక కాళ్ల కింద నుంచి జారిపోతుంది. మా కాలనీలో ఒక ఇంటికి ఈ తీరమే కడుపుకోత మిగిల్చింది. ఆ తల్లిని ఇప్పటికీ రోజూ చూస్తున్నాను.

అగ్రికల్చర్ 92 బ్యాచ్
బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివినవాణ్ణి (1945లో పెట్టిన కాలేజీ అది), కాబట్టి ఒకటి చెప్పకుండా ఉండలేను. వేటపాలెం నుంచి సముద్రం వైపు వెళ్లేటప్పుడు ఇసుక చేలల్లో గుంటలు కనపడతాయి. అవి దొరువులు. బాబుని అక్కడ ఆపి చూపించండి.

అడుగున ఉప్పునీరు, దాని మీద తేలుతూ వాన తెచ్చిన మంచినీరు. మంచినీరు తేలిక కాబట్టి పైనే నిలుస్తుంది. ఆ పైపొరను కదలకుండా తీసుకోవాలి. మోటారు పెట్టి గట్టిగా తోడితే కింది ఉప్పు పైకెక్కి పైరు మాడిపోతుంది. అందుకే ఇక్కడి రైతులు తరతరాలుగా దొరువులోకి దిగి, రెండు చేతులా రెండు బిందెలు ముంచి, మొక్క మొదట్లో పోస్తూ వచ్చారు. మా కాలేజీ వాళ్లు దీనిమీద ఏళ్ల తరబడి పనిచేసి, పైపొర నీటినే మెల్లగా పోగుచేసి తోడే పద్ధతి తయారుచేశారు. సముద్రానికి కూతవేటు దూరంలో తియ్యని నీళ్లు! ఆ చేల గట్టున నిలబడితే ఉప్పుగాలి మొహానికి కొడుతుంటుంది, కాళ్ల దగ్గర కూరగాయ మొక్కలు పచ్చగా ఉంటాయి.

పటమటవాసి
ఇన్ని సంగతులు చెప్పినందుకు అందరికీ ధన్యవాదాలు. వచ్చే శనివారం టిక్కెట్లు తీశాను. కోడలు గారు చెప్పినట్టు రెండు పూటలు లైబ్రరీకే. నాన్నగారు నిన్ననే కళ్లజోడు అద్దాలు మార్పించుకున్నారు.

పటమటవాసి
నిన్న రాత్రే తిరిగొచ్చాం. మర్చిపోకముందే రాసేస్తున్నాను.

ముందు ఇబ్బంది సంగతి. బస చేసిన లాడ్జిలో కింద గది అని రెండుసార్లు చెప్పినా, తీరా వెళ్లాక రెండో అంతస్తు ఇచ్చారు, లిఫ్ట్ లేదు. నాన్నగారు ఒక్కో మెట్టూ రెయిలింగ్ పట్టుకుని ఎక్కుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. మీరెవరైనా పెద్దవాళ్లతో వెళ్తే గది కళ్లతో చూశాకే డబ్బు కట్టండి.

రైల్లో పెదవడ్లపూడి దగ్గర పడవ లైబ్రరీ సంగతి బాబుకి చెప్పాను. వాడు వెంటనే అడిగింది "పుస్తకం తడిస్తే ఏం చేసేవాళ్లు?" అని. నాకు తెలియలేదు. నాన్నగారు మాత్రం "తడవనిచ్చేవాళ్లు కాదురా, అంతే" అన్నారు.

వేటపాలెంలో దిగాక ఆటో ఎక్కమంటే ఒప్పుకోలేదు. కొంత దూరం నడుస్తానన్నారు. దారి ఆయన చెబుతారనుకున్నాను గానీ, రెండు మలుపులు తిరిగేసరికి ఆగిపోయారు. ఇళ్లన్నీ మారిపోయాయి కదా. ఒక కొట్టు ముందు నిలబడి "ఇక్కడ బావి ఉండాలి" అన్నారు. కొట్టాయన బయటికొచ్చి, "ఉండేదండీ, మా నాన్నగారు పూడ్పించారు, మీ కాళ్ల కిందే" అన్నాడు. నాన్నగారు గభాల్న పక్కకి జరిగి నిలబడ్డారు. కొట్టాయన కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చాడు. అక్కడే అరగంట కూర్చున్నాం.

కోడలు గారు తెలిసినవాళ్ల ద్వారా జీడిపిక్కలు కొట్టే చోటికి పంపించారు. అక్కడ చూసింది నా కళ్లలోంచి పోవడం లేదు. ఆవిరికి ఉడికించి ఆరబెట్టిన పిక్కలు కుప్పగా పోసి ఉన్నాయి. ఒకావిడ పక్కన చిన్న గిన్నెలో ఆముదం, దాని పక్కన బూడిద. వేళ్లు ముందు ఆముదంలో ముంచి, తర్వాత బూడిదలో అద్ది పని మొదలుపెట్టింది. పెంకులోని జీడి రసం చర్మానికి తగిలితే పొక్కులొస్తాయట. కాలితో తొక్కితే కత్తి దిగుతుంది, చేత్తో పిక్క సరిగ్గా దాని మధ్యకు పట్టాలి. పెంకు రెండుగా విచ్చుకుంటుంది, లోపలి పప్పు విరగకూడదు. విరిగితే ధర పడిపోతుంది. నేను చూస్తుండగా వరసగా ముప్పై నలభై కొట్టింది, ఒక్కటీ విరగలేదు. వేళ్ల చివర్లు నల్లగా, గీతలు గీతలుగా ఉన్నాయి. బాబు ఆవిణ్ణి "నొప్పి పుట్టదా అత్తా?" అని అడిగాడు. "మొదట్లో పుట్టేది నాన్నా, అన్నం కలుపుకోలేకపోయేదాన్ని" అంది. వాడి చేతిలో ఒక గుండు, అంటే విరగని పప్పు పెట్టింది, పొట్టు ఇంకా తీయనిది. వాడు దాన్ని తినలేదు. ఇంటికి తెచ్చుకుని డ్రాయర్‌లో దాచుకున్నాడు.

లైబ్రరీ సంగతి సాయంత్రం రాస్తాను, ఇప్పుడు ఆఫీసుకి టైమైంది.

చీరాల కోడలు
బాబు చల్లగా ఉండాలమ్మా. మా అత్తగారు ఇరవై ఏళ్లు ఆ పని చేశారు. వేళ్ల గీతలు అరిగిపోయి, ఆధార్ తీసేటప్పుడు మిషన్ మీద వేలిముద్ర పడక మూడుసార్లు తిరిగారు. జీడిపప్పు ధర ఎక్కువని కొట్టు దగ్గర బేరం చేసేవాళ్లని చూస్తే నాకు మా అత్తగారి చేతులే గుర్తొస్తాయి.

వన్‌టౌన్ కిరాణా
మాది వన్‌టౌన్‌లో హోల్‌సేల్ వ్యాపారం, పప్పు కొనేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను. గుండు, బద్ద, ముక్క, నూక, ఇలా దిగుతుంది రకం. గుండులో మళ్లీ 180, 210, 240, 320 అని అంకెలుంటాయి. చాలామంది అంకె పెద్దదైతే సరుకు గొప్పదనుకుంటారు. కాదు. ఒక పౌను తూకానికి, అంటే 454 గ్రాములకి ఎన్ని గుండ్లు తూగుతాయన్న లెక్క అది. 180 అంటే పెద్ద గుండు, 320 అంటే చిన్నది. పాయసానికీ కూరకీ బద్ద చాలు, గుండు కొని విరగ్గొట్టుకోనక్కర్లేదు. కొనేముందు ఒకటి నోట్లో వేసుకోండి. కరకరలాడాలి, పాత నూనె వాసన రాకూడదు.

పటమటవాసి
లైబ్రరీ గురించి.

పేరు సారస్వత నికేతనం. 1918లో పెట్టారు. ఇప్పటి భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. అప్పుడు విరిగిన ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ భద్రంగా ఉంది. బాబు దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక, భారతి లాంటి పాత పత్రికల సంపుటాలు ఉన్నాయి. తాళపత్రాలు కూడా.

నాన్నగారు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపలికి వెళ్లకుండా "కుళాయి ఎక్కడ?" అని అడిగారు. నీళ్లు తాగడానికేమో అనుకున్నాను. చేతులు కడుక్కున్నారు. కండువాతో వేళ్ల మధ్య కూడా తుడుచుకుని, ఆరేదాకా రెండు చేతులూ ముందుకు చాచి నిలబడ్డారు. స్కూల్లో తెలుగు మాస్టారు అలా నేర్పారట, చెమట చేత్తో కాగితం ముట్టుకోవద్దని.

1962లో చైనా యుద్ధం వచ్చినప్పుడు నాన్నగారికి పద్నాలుగేళ్లు. సాయంత్రం మగ్గాలు ఆపి, చదువు రానివాళ్లు ఈ లైబ్రరీ బయట చేరేవాళ్లట. ఈయన పేపరు తెచ్చి పైకి చదివి వినిపించేవారు. ఊళ్ళ పేర్లు పలకలేక తడబడితే, "మెల్లగా చదువు బాబూ, మావాడు అక్కడే ఉన్నాడు" అనేవాడట ఒకాయన. ఆయన పేరు నాన్నగారికి ఇప్పటికీ గుర్తుంది. కొడుకు తిరిగొచ్చాడో లేదో మాత్రం తెలియదు. యుద్ధం ముగిసిన కొన్నాళ్లకే వీళ్లకి బదిలీ అయింది. నా జన్మలో ఈ సంగతి ఎప్పుడూ వినలేదు. అమ్మకి తెలుసో లేదో.

ఆ నవంబరు పేపర్లు అడిగారు. కట్ట వదులుగా ఉంది, విప్పితే మడత దగ్గర పొడి రాలుతుందన్నారు. నాన్నగారు వెంటనే "వద్దు వద్దు, ఉంచేయండి" అన్నారు. రెండోసారి అడగలేదు. కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, అరచెయ్యి బల్ల మీద ఆనించి అలాగే చాలాసేపు ఉన్నారు. శనివారం అంతే జరిగింది.

ఆదివారం పొద్దున మళ్లీ వెళ్లాం. బాబు అడిగాడు, "తాతయ్యా, అప్పుడు ఎలా చదివేవాడివో చదివి చూపించవా?" అని. లోపల పైకి చదవకూడదు కదా, బయట మెట్ల మీద కూర్చుని ఆ రోజు పేపరు మొదటి పేజీ నుంచి అందుకున్నారు. ఇంట్లో మాట్లాడే గొంతు కాదది. ఒక్కో మాట విడమరిచి, వాక్యం చివర ఆగి, విన్నవాళ్లకి అందిందా అని తలెత్తి చూసి, మళ్లీ తర్వాతి వాక్యం. వార్త ఏదో వాన గురించి, మార్కెట్ ధరల గురించి. సైకిల్ మీద పోతున్న ఒక పెద్దాయన కాలు కింద ఆన్చి ఆగాడు. ధరల వార్త అయిపోయేదాకా విని, "మిర్చి ధర మళ్లోసారి చదవండి" అన్నాడు. నాన్నగారు చదివారు.

మోటుపల్లికి, సముద్రానికి ఈసారి వెళ్లలేదు. శాసనాల పిచ్చి గారు క్షమించాలి. దొరువులు మాత్రం చూశాం, ఆటో ఆపించి.

శాసనాల పిచ్చి
క్షమించడానికి ఏముందమ్మా. ఎనిమిది వందల ఏళ్లుగా ఉన్న శాసనం, మీరొచ్చేదాకా అక్కడే ఉంటుంది. నాన్నగారి మోకాళ్లు జాగ్రత్త.

బ్రాడీపేట 4వ లైను
మా నాన్నగారు పోయి ఆరేళ్లు. ఆయన చదువుకున్నది రేపల్లెలో. ఎప్పుడూ అడగలేదు, ఎప్పుడూ తీసుకెళ్లలేదు. ఈ ఆదివారం మా అమ్మను తీసుకుని రేపల్లె వెళ్తున్నాను. ఆమెకి ఆ ఇల్లు గుర్తుందట.

రైలుబండి
అన్నా, రేపల్లెకి గుంటూరు నుంచి తెనాలి మీదుగా బండి ఉంది. పొద్దున బండికి వెళ్లండి, అమ్మగారికి ఎండ తగలదు.

పటమటవాసి
బ్రాడీపేట అన్నయ్యగారూ, తప్పకుండా వెళ్లండి. గది తీసుకుంటే కింది అంతస్తే, చూశాకే డబ్బు.

నాన్నగారు ఈ రోజు పొద్దున రైల్వే టైమ్‌టేబుల్ అడిగారు. ఆ కొడుకు సంగతి ఆ వీధిలో ఎవరికైనా తెలుసేమో కనుక్కోవాలట. వచ్చే నెల రెండో శనివారానికి టిక్కెట్లు చూస్తున్నాను. కోడలు గారూ, పాత నేతగాళ్లు ఎవరైనా మీకు తెలిస్తే చెప్పండి. ఆయన పేరు ఇక్కడ రాయను, మీకు విడిగా మెసేజ్ పెడతాను.

చీరాల కోడలు
పంపించమ్మా. మా మామగారికి 84 ఏళ్లు, ఆ మగ్గాల వీధిలోనే పుట్టారు. సాయంత్రం అడుగుతాను.